స్ప్రింగులు మార్చి కారు దించాక ముందు టైర్లు లోపలి అంచునే ఎందుకు అరుగుతున్నాయి?

ప్రశ్న: మాది గుంటూరు. 2019 స్విఫ్ట్ పెట్రోల్, 185/65 ఆర్15 టైర్లు. నిరుడు 40 మి.మీ. దించే లోయరింగ్ స్ప్రింగులు వేయించాను. షాక్ అబ్జార్బర్లు పాతవే. అప్పుడే ముందు రెండు టైర్లు కొత్తవి వేశాను కానీ అలైన్‌మెంట్ చేయించకుండా 4,000 కి.మీ. తిరిగాను. తర్వాత చేయిస్తే టోటల్ టో మైనస్ 5 మి.మీ. ఉందని సున్నాకి తెచ్చారు. క్యాంబర్ ఎడమ మైనస్ 1 డిగ్రీ 50 నిమిషాలు, కుడి మైనస్ 1 డిగ్రీ 10 నిమిషాలు చూపించింది. "ఈ బండికి క్యాంబర్ అడ్జస్ట్‌మెంట్ ఉండదు, స్ప్రింగులు తీసేయడమే" అన్నారు. ఇప్పుడు 11,000 కి.మీ. అయింది. ముందు టైర్లకు గేజ్ పెడితే బయట 5, మధ్యలో 4.5, లోపల 1 మి.మీ. వస్తోంది. బండి కొద్దిగా కుడికి లాగుతోంది. వెనక టైర్లు బాగానే ఉన్నాయి. ముందు టైర్లను రిమ్ మీద తిప్పి వేసుకుంటే ఇంకొన్నాళ్లు వస్తాయంటున్నారు. స్ప్రింగులు తీసేయక తప్పదా?

సమాధానం: తీసేయక తప్పదన్నది నిజం కాదు. మీ టైర్లను ప్రధానంగా తిన్నది క్యాంబర్ కాదు, టో. క్యాంబర్ అంటే ఎదురుగా నిలబడి చూస్తే చక్రం ఎంత వాలిందన్నది; మైనస్ అంటే పైభాగం లోపలికి వాలింది. దాన్ని డిగ్రీల్లో, డిగ్రీలో అరవయ్యో వంతైన నిమిషాల్లో చెబుతారు. టో అంటే పైనుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు దగ్గరికి మూసుకున్నాయా (టో ఇన్), దూరంగా తెరుచుకున్నాయా (టో అవుట్) అన్నది. మొదట ఏ అంచు పోవాలో తేల్చడం వరకే క్యాంబర్ పని. రిపోర్టులో క్యాంబర్ ఎర్రగా కనిపిస్తే అందరి కళ్లూ దాని మీదే పడతాయి. టో సరిచేశాక ఆ గడి పచ్చగా మారుతుంది కాబట్టి దాని సంగతి అందరూ మరిచిపోతారు.

లెక్క చూడండి. టోటల్ టో మైనస్ 5 అంటే చక్రాల ముందు వైపు వెనక వైపు కంటే 5 మి.మీ. ఎక్కువ తెరుచుకుని ఉంది, అంటే టో అవుట్. చక్రానికి 2.5 మి.మీ. చొప్పున. 15 అంగుళాల రిమ్ అడ్డకొలత సుమారు 380 మి.మీ. ఆ కొలత మీద 2.5 మి.మీ. తేడా అంటే చక్రం ముఖం ఒకవైపు, బండి పోయేది ఇంకోవైపు. కిలోమీటరు నడిస్తే ఒక్కో టైరు ఆరున్నర మీటర్లు పక్కకు ఈడ్చినట్టు లెక్క. మీరు తిరిగిన 4,000 కి.మీ.కి అది 26 కి.మీ. రబ్బరు కొంత సాగుతుంది కాబట్టి అంతా జారుడు కాదు, కానీ అరుగుదల పుట్టేది అక్కడే. క్యాంబర్ అలా ఈడ్వదు. టైరును కొంచెం వాల్చి లోపలి భుజం మీద బరువు ఎక్కువ వేస్తుంది. మైనస్ ఒకటిన్నర డిగ్రీ ఉన్నా టో సరిగ్గా ఉండి, టైర్లను వేళకు ముందుకూ వెనక్కూ మారుస్తుంటే అరుగుదలలో తేడా తక్కువే వస్తుంది. టో అవుట్ కూడా లోపలి అంచునే రాకుతుంది. మీ బండిలో ఆ రెండూ ఒకే అంచు మీద కలిశాయి.

స్ప్రింగులు మారిస్తే టో ఎందుకు మారిందంటారా? చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ఒక వృత్తం మీద ఊగుతుంది, చక్రాన్ని పక్కలకు తిప్పే స్టీరింగ్ టై రాడ్ ఇంకో వృత్తం మీద. రెండింటి పొడవూ వేరు, కీలు ఉన్న చోటూ వేరు. కంపెనీ ఇచ్చిన ఎత్తులో అవి పొంతన కుదిరేలా ఉంటాయి. బండి 40 మి.మీ. దిగితే పొంతన తప్పి, టై రాడ్ చక్రాన్ని ఒకవైపు నెట్టేస్తుంది. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న చిన్న కార్లను సాధారణంగా సస్పెన్షన్ దిగేకొద్దీ టో అవుట్ వచ్చేలానే డిజైన్ చేస్తారు. మలుపులో బరువు మీద పడిన బయటి చక్రం మరీ చురుగ్గా తిరగకూడదని ఆ ఏర్పాటు. దించిన బండి మలుపులో ఉన్నా లేకున్నా ఎప్పుడూ ఆ స్థితిలోనే నిలబడి ఉంటుంది. అందుకే స్ప్రింగులు మార్చిన రోజునే అలైన్‌మెంట్ చేయించాలి.

మీ గేజ్ కొలతలు ఇప్పటి సంగతి చెప్పవు, 11,000 కి.మీ. మొత్తం చెబుతాయి. టో ఇంకా తప్పుగా ఉందా అన్నది చేత్తో తెలుస్తుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, హ్యాండ్‌బ్రేక్ వేసి, అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా బయటి అంచు నుంచి లోపలికి, తర్వాత లోపలి నుంచి బయటికి రాయండి. రెండు వైపులా ఒకేలా నున్నగా ఉంటే టో బాగుంది. ఒకవైపు నున్నగా జారి, ఇంకోవైపు రంపపు పళ్లలా తగిలితే టో బాగాలేదు. బయటి నుంచి లోపలికి వచ్చేటప్పుడు తగిలితే టో అవుట్. లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు తగిలితే టో ఇన్. తీగ బయటపడిందేమో ముందు కళ్లతో చూసుకుని, తర్వాతే చెయ్యి పెట్టండి. లోపలి అంచున స్టీలు తీగ తేలిన టైరు వేళ్లు కోసేస్తుంది. ట్రెడ్ వరసగా కాకుండా గుంటలు గుంటలుగా పోయి ఉంటే అది అలైన్‌మెంట్ తప్పు కాదు. షాక్ అబ్జార్బర్ చచ్చిపోయిందనో, బండి తరచూ బంప్ స్టాప్ (షాక్ అబ్జార్బర్ పూర్తిగా మూసుకుపోకుండా ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటోందనో అర్థం.

ఆ బంప్ స్టాప్ సంగతి మీకు ముఖ్యం, ఎందుకంటే మీ షాక్ అబ్జార్బర్లు పాతవి. పొట్టి స్ప్రింగుతో అవి ఎప్పుడూ సగం మూసుకుని ఉంటాయి, పైకి మిగిలిన ప్రయాణం తక్కువ. స్ట్రట్ (స్ప్రింగుతో కలిసి ఉండే ముందు షాక్ అబ్జార్బర్) రాడ్ మీది డస్ట్ కవరు పైకి లేపి, రాడ్‌కు ఒక జిప్ టై బిగించి, దాన్ని కిందికి స్ట్రట్ బాడీకి ఆనించండి. కవరు మళ్లీ వేసి, రోజూ వెళ్లే దారిలో ఓ పదిహేను కిలోమీటర్లు తిరిగి రండి. టై ఎంత పైకి తోసుకుపోయిందో చూస్తే ఎంత ప్రయాణం వాడుకుందో తెలుస్తుంది. ప్రతి స్పీడ్ బ్రేకరుకూ అది బంప్ స్టాప్ దాకా వెళ్లిపోతోందంటే అలైన్‌మెంట్ ఎంత బాగా చేయించినా ఆ టైర్లు ఎక్కువ కాలం రావు. స్ప్రింగుల కిట్ తయారీదారు బంప్ స్టాప్ ఇంత కోయమని చెబితే అంతే కోయాలి, పొట్టిది ఇస్తే అదే వేయాలి. దాన్ని పూర్తిగా పీకేసేవాళ్లున్నారు. అప్పుడు ఇనుము ఇనుముకు తగిలి స్ట్రట్ పై మౌంట్ విరుగుతుంది.

ఇక కుడికి లాగడం. బండి ఎక్కువ పాజిటివ్ క్యాంబర్ ఉన్న వైపు లాగుతుంది. మీ కుడి చక్రం మైనస్ 1 డిగ్రీ 10 నిమిషాలు, ఎడమ మైనస్ 1 డిగ్రీ 50 నిమిషాలు. కుడిది ఎక్కువ పాజిటివ్ కాబట్టి కుడికి లాగడం లెక్కకు సరిపోయింది. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమ పక్కకు వాలుగా ఉంటాయి కదా, మామూలుగా బండి కాస్త ఎడమకే పోవాలి. ఆ వాలుకు ఎదురెక్కి కుడికి లాగుతోందంటే తేడా చిన్నది కాదు. అయినా నేరం క్యాంబర్ మీద వేసే ముందు మరో రెండు చూడండి. ముందు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి (ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న టైర్లు కాకపోతేనే) ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడపండి. లాగే పక్క మారితే లోపం టైరులో ఉంది. తర్వాత పది కిలోమీటర్లు నడిపి ఆపి, రిమ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. కుడి రిమ్ ఒక్కటే బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేస్తోంది. రిపోర్టులో క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం స్టీరింగ్‌కు తిరిగే ఇరుసు ఎంత వెనక్కి వాలిందన్నది) వరుస కూడా చదవండి. క్యాస్టర్ తక్కువున్న పక్కకు బండి లాగుతుంది. రెండు పక్కల మధ్య అర డిగ్రీకి మించి తేడా ఉంటే పట్టించుకోవాలి.

ఈ నలభై నిమిషాల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా క్యాంబర్ తిప్పకూడదు. రెండు పక్కలా ఒకే స్ప్రింగులు వేస్తే రెండు పక్కలా ఒకేలా మారాలి. ఒక పక్కే ఎక్కువ మారిందంటే లోయరింగ్ కాక ఇంకేదో ఉంది. ముందుగా ఎత్తు కొలవండి. చదునైన నేల మీద, చక్రం నడిమధ్య నుంచి నిట్టనిలువుగా ఫెండర్ అంచు దాకా, నాలుగు చక్రాల దగ్గరా టేపు పెట్టండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, అరుగుదల కూడా లెక్కలో కలుస్తాయి, అందుకే చక్రం మధ్య నుంచి. ఎడమ, కుడి తేడా 10 మి.మీ. దాటితే స్ప్రింగు చివరి చుట్టు కింది సీటులోని ఆనుడులో కూర్చోలేదేమో చూడాలి. తొందరగా బిగించిన చోట ఈ తప్పు తరచూ కనబడుతుంది. చుట్టు కొస ఆనుడు దాటి మీదికెక్కి ఉంటుంది.

ఎత్తు సమంగానే ఉంటే అలైన్‌మెంట్ మిషన్ ఇంకో సంఖ్య ఇస్తుంది, చాలా షాపుల్లో దాన్ని ప్రింటు కూడా తియ్యరు: ఎస్ఏఐ, లేదా కేపీఐ. స్ట్రట్ పై మౌంట్ నుంచి కింది బాల్ జాయింట్ (చక్రం వైపు భాగాన్ని లోయర్ ఆర్మ్‌కు కలిపే గుండు కీలు) దాకా గీసిన గీత ఎంత వాలిందన్నది అది. అడిగి తీయించుకోండి. ఎడమ పక్క క్యాంబర్ నెగటివ్‌గా ఎంత పెరిగిందో ఎస్ఏఐ కూడా అంతే పెరిగి, కుడి పక్క దానికి విరుద్ధంగా తగ్గి ఉంటే, ముందు సస్పెన్షన్ ఫ్రేమ్ మొత్తం ఎడమకు జరిగింది. ఎప్పుడైనా క్లచ్ పనికోసమో, యాక్సిడెంట్ పనికోసమో ఆ ఫ్రేమ్ దించి ఉంటే తిరిగి బిగించేటప్పుడు ఇలా జరగొచ్చు. బాల్ జాయింట్ నుంచి పై మౌంట్ దాకా సుమారు 600 మి.మీ. ఉంటుందనుకుంటే, ఫ్రేమ్ ఒక్క మిల్లీమీటరు జరిగినా ఒక్కో చక్రానికి ఆరు నిమిషాల దాకా మారుతుంది, రెండు పక్కల మధ్య తేడా పన్నెండు నిమిషాలు. ఫ్రేమ్ బోల్టులు వదులు చేసి, బార్‌తో నెట్టి, మళ్లీ బిగిస్తే కొత్త సామాను ఏదీ లేకుండానే చాలావరకు సమమవుతుంది. అలా కాకుండా రెండు పక్కలా ఎస్ఏఐ సమంగానే ఉండి క్యాంబర్ మాత్రమే తేడాగా ఉంటే, స్ట్రట్ గానీ నకుల్ (చక్రం హబ్‌ను మోసే దిమ్మ) గానీ వంగింది, లేదా స్ట్రట్‌ను నకుల్‌కు కలిపే రెండు బోల్టుల రంధ్రాల్లో ఉండే సందు ఒక పక్క లోపలికి, ఇంకో పక్క బయటికి పడి బిగిసింది. ఈ చివరిదైతే సులువు. ఆ బోల్టులు వదులు చేసి, చక్రం పైభాగాన్ని బయటికి లాగి పట్టుకుని బిగిస్తే కొన్ని నిమిషాలైనా తిరిగి వస్తాయి.

"ఈ బండికి క్యాంబర్ అడ్జస్ట్‌మెంట్ ఉండదు" అన్న మాట సగం నిజం. కంపెనీ ఇవ్వలేదు, అంతే. ఇదే స్ట్రట్ బోల్టుల్లో ఒకదాని స్థానంలో క్యాంబర్ బోల్ట్ వేయొచ్చు. దాని నడుము సన్నగా, మధ్యలో గుండ్రం కాని ముడి ఉంటుంది. తిప్పితే చక్రం పైభాగం లోపలికో బయటికో జరుగుతుంది. సాధారణంగా డిగ్రీన్నర దాకా ఇస్తుంది, మీకు అందులో సగం కూడా అక్కర్లేదు. మీ స్ట్రట్ రంధ్రం కొలతకు సరిపోయే బోల్టునే కొనాలి. పై రంధ్రంలో వేయాలా, కింది రంధ్రంలోనా అన్నది, ఎంత టార్క్‌తో బిగించాలన్నది దానితో వచ్చే కాగితంలో ఉంటుంది. నడుము సన్నగా ఉంది కాబట్టి కంపెనీ బోల్టు టార్క్ దీనికి పనికిరాదు. ఇంపాక్ట్ గన్‌తో లాగించొద్దు, టార్క్ రెంచ్ ఉన్న చోటే చేయించండి. బిగించాక బోల్టు తల మీదా స్ట్రట్ మీదా కలిపి ఒక పెయింటు గీత గీయించండి. జారితే ఆ గీత విడిపోయి కనబడుతుంది. కొన్నిచోట్ల బోల్టు కొనే బదులు ఫైలుతో రంధ్రాన్ని కోలగా చేస్తారు. పెద్ద గుంతలో పడ్డ రోజు క్యాంబర్ మళ్లీ మొదటికొస్తుంది. వద్దు.

ఎంత పెట్టించాలి? రోజూ తిరిగే బండికి రెండు పక్కలా మైనస్ 1 డిగ్రీ నుంచి మైనస్ 1 డిగ్రీ 15 నిమిషాల మధ్య, ఎడమ కుడి తేడా 15 నిమిషాల లోపు చాలు. దించిన బండిని సున్నా క్యాంబర్‌కు తేవాలని పట్టుబట్టకండి. కాస్త నెగటివ్ మలుపుల్లో మంచిదే, టైరును అది చంపదు. టోటల్ టో సున్నా నుంచి ప్లస్ 1 మి.మీ. మధ్య, రెండు చక్రాలకూ సమంగా. నేనైతే ప్లస్ వైపే ఉంచమంటాను. దించిన బండిలో ప్రతి కుదుపుకూ టో బయటికి తెరుచుకుంటుంది, మీ టై రాడ్ కోణం అంతగా మారింది కాబట్టి. నిలబడ్డప్పుడు సున్నా ఉన్న టో నడుస్తున్నప్పుడు మైనస్‌లో తిరుగుతుంది.

పని జరిగే వరస తప్పితే చేసిందంతా మళ్లీ చేయాల్సి వస్తుంది. అలైన్‌మెంట్ షాపుకు వెళ్లే ముందే మీ మెకానిక్ దగ్గర బండి ఎత్తించి బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగ్ ఆట (వదులు) చూపించండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడేది బాల్ జాయింటో బేరింగో, పక్కల పట్టుకుని ఊపితే ఆడేది టై రాడో స్టీరింగ్ రాక్కో. ఆట ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయించడమంటే డబ్బు పారేయడమే.

అదే రోజు బుష్‌ల పని కూడా. లోయర్ ఆర్మ్‌లో అడ్డ బోల్టు ఉన్న బుష్, వెనక యాక్సిల్ బీమ్ రెండు బుష్‌లు రబ్బరువి. లోపలి గొట్టం బోల్టుతో బిగిసిపోయి ఉంటుంది, ఆర్మ్ ఊగినప్పుడు రబ్బరే మెలితిరుగుతుంది. పాత ఎత్తులో బిగించిన బోల్టులతో బండి 40 మి.మీ. దిగితే ఆ రబ్బరు పగలూ రాత్రీ మెలితిరిగే ఉంటుంది. ఏడాదిలో చీలికలు కనిపిస్తాయి. పైగా అది బండిని పైకి నెడుతుంటుంది కాబట్టి ఎత్తు కొలతలు కూడా నిజం చెప్పవు. నాలుగు చక్రాల మీద బండి బరువు ఉండగా, పిట్ మీదో ర్యాంప్ మీదో, ఆ బోల్టులు వదులు చేసి, బండిని ముందూ వెనకా రెండు మూడుసార్లు కిందికి నొక్కి, అలాగే బిగించాలి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. మీకు స్ప్రింగులు వేసినవాళ్లు ఇది చేశారా అని అడగండి. చాలామంది చెయ్యరు.

షాపులో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. దించిన బండి ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు బంపర్ తగులుతుంది, కింద రెండు చెక్కలు వేయమనండి. సెన్సార్ క్లాంపులు రిమ్‌కు బిగించాక మిషన్ బండిని వెనక్కూ ముందుకూ కొంచెం దొర్లించమంటుంది. క్లాంపు వంకర, రిమ్ వంకర లెక్కలోంచి తీసేయడానికి ఆ పని. తొందరలో అది దాటేస్తే వచ్చే ప్రతి సంఖ్యా అనుమానమే. ముందు చక్రాలు నిలిచే తిరుగుడు ప్లేట్లకు పిన్నులు తీశారో లేదో చూడండి. టైర్ల గాలి డోర్ పక్కన స్టిక్కర్‌లో ఉన్నంత, చల్లగా ఉన్నప్పుడే నింపి తీసుకెళ్లండి. దించినంత మాత్రాన గాలి లెక్క మారదు.

బండిలో బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. మామూలు ఎత్తున్న బండికి మనిషి ఎక్కినా దిగినా టో పెద్దగా కదలదు. మీదానికి కదులుతుంది. రోజూ మీరొక్కరే తిరిగితే డ్రైవర్ సీట్లో మీ అంత బరువున్న ఇసుక బస్తా పెట్టించి టో సెట్ చేయించండి. వారానికోసారి నలుగురు ఎక్కుతారంటే, పని పూర్తయ్యాక నలుగురినీ ఎక్కించి టో ఎంత మారుతుందో ఒకసారి చూపించమనండి. 2 మి.మీ.కి మించి బయటికి పోతుంటే టోను ప్లస్ 1 దగ్గరే ఉంచడం మేలు.

మొదట వెనక చక్రాలు కొలవాలి. స్విఫ్ట్ వెనక టోర్షన్ బీమ్, కంపెనీ అడ్జస్ట్‌మెంట్ ఉండదు. బీమ్ మొత్తం ఒకే కీలు మీద ఊగుతుంది కాబట్టి దించితే వెనక క్యాంబర్, టో దాదాపు మారవు. అందువల్ల అక్కడ ఎడమ కుడి తేడా కనిపిస్తే దోషం స్ప్రింగులది కాదు, ఎప్పుడో గుంతకో డివైడర్‌కో తగిలి బీమో స్టబ్ యాక్సిలో వంగింది. మీ వెనక టైర్లు బాగానే ఉన్నాయంటున్నారు, కాబట్టి ఇది మీ సమస్య కాకపోవచ్చు. తర్వాత క్యాస్టర్, ఆపైన క్యాంబర్, చిట్టచివర టో. క్యాంబర్ కదిలిస్తే టో తప్పకుండా మారుతుంది, తిరిగి చూడకుండా వదిలేస్తే మైనస్ 5 మళ్లీ వచ్చినా ఆశ్చర్యం లేదు. టో తిప్పేటప్పుడు రెండు పక్కల టై రాడ్లూ సమంగా తిప్పాలి, స్టీరింగ్ తిన్నగా క్లాంపు చేసి ఉండాలి, రాక్ చివరి రబ్బరు బూట్ క్లిప్పు వదులు చేయాలి. లేకపోతే బూట్ మెలిపడి చిరిగి, లోపలికి దుమ్ము చేరి రాక్ పోతుంది.

టైర్ల విషయం. తిప్పి వేయడం ఇప్పుడు కుదరదు. లోపలి అంచు 1 మి.మీ. ఉంది, అరుగుదల గుర్తు 1.6 మి.మీ. దగ్గరే ఉంటుంది, అది దాటిపోయారు. ఆ అంచును బయటికి తిప్పితే మలుపుల్లో బరువంతా అరిగిన దాని మీదే పడుతుంది, వాన రోజు పట్టు ఉండదు. ఆ పని సగం అరుగుదలలో చేయాల్సింది, అదీ పక్కగోడ మీద "అవుట్‌సైడ్" అనో బాణమో లేని టైర్లకే. రెండు కొత్తవి కొనండి. బండి సరిచేసిన రోజున వెనక ఉన్న మంచివి ముందుకు, కొత్తవి వెనక్కు వేయించండి. వాన నీటిలో వెనక భాగం జారకుండా కొత్తవి వెనక ఉండటం మంచిదని టైర్ల తయారీదారులూ చెబుతారు. మీకు ఇంకో లాభం, అలైన్‌మెంట్‌లో ఏదైనా తేడా మిగిలినా కొత్త రబ్బరు దానికి బలికాదు.

ఆ తర్వాత 1,500 కి.మీ.కి ఒకసారి ముందు రెండు టైర్లూ మూడు చోట్ల, లోపల, మధ్య, బయట, గేజ్‌తో కొలిచి రాసుకోండి. ప్రతిసారీ వాల్వ్ దగ్గర ఒకేచోట కొలవాలి. మూడూ ఒకే వేగంతో తగ్గుతుంటే బాగుంది. లోపల మిగతా రెండింటికంటే స్పష్టంగా ఎక్కువ తగ్గుతుంటే మళ్లీ మిషన్ మీద పెట్టించండి. స్ప్రింగులు పాతబడ్డాయి కాబట్టి ఇక పెద్దగా దిగవు. కానీ క్యాంబర్ బోల్ట్ వేశాక 500 కి.మీ. తిరిగి ఒకసారి పెయింటు గీత, టో రెండూ చూసుకోవాలి. టైర్లను 5,000 కి.మీ.కి ఒకసారి ముందుకూ వెనక్కూ మార్చండి.

వీటిలో ఏదీ కుదరకపోతే అప్పుడు స్ప్రింగుల మాట. గుంటూరు రోడ్లకు, పాత షాక్ అబ్జార్బర్లతో 40 మి.మీ. ఎక్కువే అన్నది నా అభిప్రాయం. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ., మీది ఇప్పుడు 120 చిల్లర, నలుగురు ఎక్కితే ఇంకా తక్కువ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, పొడవు 3.7 మీటర్లు. మన కాలనీల్లో వేసేవి ఎత్తు అంతకు మించి, పొడవు అందులో సగం కూడా ఉండవు. 20, 25 మి.మీ. దించే స్ప్రింగులైతే చూపుకు తేడా కొంచెమే, టో మార్పు మాత్రం చాలా తక్కువ. ఒకటి మాత్రం చేయకండి: ఉన్న కంపెనీ స్ప్రింగుల్ని రెండు చుట్లు కోయడం, లేదా గ్యాస్‌తో ఎర్రగా కాల్చి కూర్చోబెట్టడం. కోసిన స్ప్రింగు బండి ఎత్తినప్పుడు సీటులోంచి ఊడి, దించినప్పుడు వంకరగా కూర్చోవచ్చు. కాల్చిన స్ప్రింగు గుణం పోయి రోజురోజుకూ ఇంకా దిగుతుంది. వెడల్పు టైర్లు వేస్తే లోపలి అరుగుదల తగ్గుతుందని ఎవరైనా చెప్పినా నమ్మకండి. ఫెండర్ లోపల రాసుకోవడం దానికి అదనం.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద బండిలో మార్పులకు హద్దులున్నాయి. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఏదైనా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సర్వేయర్ కూడా స్ప్రింగుల గురించి అడుగుతాడు. కాబట్టి కంపెనీ స్ప్రింగులు నాలుగూ, వాటి కింది రబ్బరు సీట్లతో సహా, తుప్పు పట్టకుండా నూనె రాసి, ఏది ఏ చక్రానిదో చీటీ కట్టి ఇంట్లో ఉంచుకోండి. బండి అమ్మే రోజు కూడా కొనేవాడు వాటినే అడుగుతాడు.